మూడు చోట్ల నొప్పి, పదిహేను వారాల్లో ఫుల్ మారథాన్: లెక్క కుదురుతుందా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. వయసు 41. కొండాపూర్‌లో ఉంటారు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. హాఫ్ మారథాన్లు (21 కిలోమీటర్లు) చేసిన అనుభవం ఉంది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి, అంటే 42 కిలోమీటర్లకు, పేరిచ్చారు, ఇంకా పదిహేను వారాలుంది. రెండు నెలలుగా ఎడమ కాలి ముందు ఎముక లోపలి అంచున సలుపు. కుడి మోకాలి బయటి పక్క పన్నెండో కిలోమీటరు దగ్గర పోటు మొదలై ఇక పరిగెత్తనివ్వదు. కుడి పిక్క అప్పుడప్పుడు పట్టేస్తోంది. రెండు వారాలు రెస్ట్ తీసుకుంటే తగ్గినట్టే ఉంటుంది, మళ్ళీ మొదలుపెట్టగానే అదే కథ. గ్రూప్‌లో ఒకరు "మానేయ్" అంటే, ఇంకొకరు "నొప్పి లేకుండా మారథాన్ ఎవరు చేశారు బాస్" అన్నారు. ఆదివారం లాంగ్ రన్‌కి (వారంలో అతి పెద్ద పరుగు) ముందు పెయిన్‌కిల్లర్ వేసుకుంటున్నారు. అమ్మగారు పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోమంటున్నారు.

నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్‌ని. చాలా ఏళ్ళుగా ఎక్కువగా చూసేది రన్నర్లనే, నేనూ పరిగెత్తుతాను. జవాబు ముందే చెప్పేస్తాను. ఆగస్టులో ఫుల్ వద్దు. దాన్ని జనవరిలో ముంబై మారథాన్‌కి మార్చుకోండి. ఆగస్టులో కాళ్ళు ఒప్పుకుంటే హాఫ్, లేకపోతే టెన్ కె (పది కిలోమీటర్లు). పరుగు పూర్తిగా మానాల్సిన అవసరం ఉండకపోవచ్చు, కానీ ఆ మాట ఎడమ కాలి ఎముక సంగతి తేలాకే అనగలను. మీరు మూడు నొప్పులనూ ఒకే వరసలో రాశారు. నా దృష్టిలో అవి ఒక వరసలోవి కావు.

ఎడమ కాలితో మొదలుపెడదాం. మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ పైనుంచి కిందికి రండి. నాలుగైదు వేళ్ళ వెడల్పున, అంటే ఐదు సెంటీమీటర్లకు పైగా, అక్కడా ఇక్కడా నొప్పిగా ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్ (షిన్, అంటే కాలి ముందు ఎముక, అంచు వెంట ఒత్తిడి వల్ల వచ్చే నొప్పి) అయి ఉంటుంది. రూపాయి బిళ్ళంత చోట మాత్రం "అబ్బా" అనిపించి, దాని పైనా కిందా మామూలుగా ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే భారం పడి ఎముకలో వచ్చే సన్నని పగులు, అనుమానించాలి. రాత్రి పడుకున్నాక సలపడం, మామూలు నడకలోనూ నొప్పి, పరిగెత్తేకొద్దీ తగ్గకుండా పెరగడం, ఒంటికాలి మీద చిన్నగా గెంతినా ఆ చోటే పోటు రావడం, ఇవన్నీ అదే వైపు చూపిస్తాయి. నడిస్తేనే నొప్పి ఉన్నవాళ్ళు గెంతి చూడకండి.

ఇంకో మాట. ఇలాంటి పగుళ్ళు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, కొన్ని ఆ తర్వాత కూడా కనబడవు. "ఎక్స్‌రే నార్మల్, పరిగెత్తొచ్చు" అనుకుని ఎముకను ఇంకా పాడుచేసుకున్నవాళ్ళు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్‌ఐ తీయించాలి. మీకు రెండు నెలలుగా ఉంది కాబట్టి, బొటనవేలి పరీక్షలో ఏం తేలినా సరే, ఒకసారి ఆర్థోపెడిక్ డాక్టర్‌కో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కో చూపించండి. మీ ప్రశ్నలో లేదు గానీ చదివే మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను: పరిగెత్తేటప్పుడు గజ్జల్లో లోతుగా నొప్పి వస్తుంటే ఆ రోజే పరుగు ఆపండి. అది తుంటి దగ్గర తొడ ఎముక మెడలో పగులు కావచ్చు. పట్టించుకోకపోతే అది పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

పుత్తూరు కట్టు గురించి. అమ్మగారి ఆదుర్దా అర్థమవుతుంది, మన ఇళ్ళలో ఎముక అనగానే అదే గుర్తొస్తుంది. అయితే రన్నర్లకు వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లో మామూలుగా ఎముక పక్కకు జరగదు, సరిచేసి కట్టడానికి అక్కడేమీ ఉండదు. దానికి కావాల్సింది ఆ కాలి మీద పడే భారం తగ్గించడం, వ్యవధి. చోటునుబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. ఏ చోటో తెలియాలంటే స్కాన్ కావాలి.

ఎముక బాగానే ఉందని తేలితే, అక్కడి నుంచి మీ కొలమానం మార్చుకోవాలి. ఇప్పుడు మీరు పరిగెత్తుతున్నప్పుడు నొప్పి ఉందా లేదా అనే చూస్తున్నారు. ఉంటే భయం, లేకపోతే ధైర్యం. నేను అడిగేది మర్నాడు పొద్దున సంగతి. మంచం దిగి వేసే మొదటి పది అడుగులు, మెట్లు దిగేటప్పుడు మోకాలు, ఒంటికాలి మీద మడమ ఎత్తినప్పుడు పిక్క. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. పరుగులో మూడు దాటకుండా ఉండి, మర్నాడు పొద్దుటికి నిన్నటి స్థాయికి దిగిపోతే ఆ డోసు, అంటే ఆ రోజు పరిగెత్తిన మోతాదు, మీ కాలు తట్టుకుందని అర్థం. మర్నాడు నిన్నటికంటే ఒకటి రెండు మార్కులు ఎక్కువగా ఉంటే, పరుగులో ఏ నొప్పీ లేకపోయినా సరే, డోసు ఎక్కువైంది. మడమ వెనక నరం (ఇక్కడ నరం అంటే కండరాన్ని ఎముకకు కలిపే టెండన్) నొప్పి ఉన్నవాళ్ళ మీద స్వీడన్‌లో జరిగిన పరిశోధనలో ఐదు మార్కుల దాకా అనుమతించి, పరుగు మాన్పించకుండానే బాగుచేశారు. నేను మూడు దగ్గర ఆపుతాను, ఎందుకంటే ఆఫీసుకు పోయే రన్నరు తన నొప్పికి తను ఎప్పుడూ తక్కువే వేసుకుంటాడు. ఈ వెసులుబాటు కండరాలకు, నరాలకు, మోకాలికి మాత్రమే. ఎముక నొప్పి అయితే సున్నా దాటకూడదు.

పెయిన్‌కిల్లర్ ఎందుకు వద్దంటానో ఇప్పుడు తెలుస్తుంది. మీ దగ్గరున్న ఒకే ఒక మీటర్‌ని మీరే ఆపేస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం దాకా మందు ప్రభావం ఉంటుంది, సోమవారం పొద్దున వచ్చిన నొప్పి ఎనిమిదో కిలోమీటరు దగ్గర మొదలైందో పద్నాలుగు దగ్గర మొదలైందో మీకు తెలియదు. అది కాక, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుని మే నెల ఎండలో, ఒంట్లో నీళ్ళు తగ్గి, రెండు మూడు గంటలు పరిగెత్తితే కిడ్నీల మీద భారం పడుతుంది, కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు. రేసు రోజున కూడా ఇదే మాట.

రెండు వారాల రెస్ట్ ఎందుకు పనిచేయడం లేదని అడిగారు. రెస్ట్‌లో మంట తగ్గుతుంది, దాంతోపాటు కాలి బలమూ తగ్గుతుంది. ఆ తర్వాత మీరు ఆపిన చోటు నుంచే, పాత కిలోమీటర్లతోనే మొదలుపెడుతున్నారు. ఊపిరితిత్తులు, గుండె తొందరగా దారిలో పడతాయి కాబట్టి "బాగానే ఉన్నాను" అనిపిస్తుంది. ఎముకలు, నరాలు అంత వేగంగా కోలుకోవు. ఈ తేడాలోనే గాయం మళ్ళీ వస్తుంది.

ఇక కుడి మోకాలు. బయటి పక్క, ఒక దూరం దాటాకే మొదలవడం, పల్లంలో ఎక్కువ కావడం, ఆగి నడిస్తే తగ్గిపోవడం, ఇవి ఐటీ బ్యాండ్ లక్షణాలు. తుంటి నుంచి తొడ బయటి పక్కగా మోకాలి కింది దాకా దిగే దళసరి పట్టీ అది. మోకాలు దాదాపు ముప్ఫై డిగ్రీలు వంగిన ప్రతిసారీ దాని కింద ఉన్న కొవ్వు పొర ఎముక మీద ఒత్తుకుంటుంది. ఫోమ్ రోలర్ మీద తొడ పెట్టి పళ్ళు బిగబట్టి రుద్దుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ పట్టీ సాగేది కాదు, అలా రుద్దినా పొడవు పెరగదు. రుద్దాక కాసేపు హాయిగా ఉంటే తప్పులేదు, మసాజ్ గన్ అయినా అంతే, కానీ దాన్ని చికిత్స అనుకోకండి.

పనిచేసేవి వేరే ఉన్నాయి. పన్నెండు దగ్గర నొప్పి వస్తోంది కాబట్టి ఎనిమిది, తొమ్మిది దాటకుండా ఆగండి. ఒకేసారి ఎక్కువ దూరం బదులు వారంలో ఎక్కువసార్లు తక్కువ దూరం పరిగెత్తండి. నొప్పి మొదలయ్యాక "ఇంకో రెండు కిలోమీటర్లు లాగేద్దాం" అనుకోవద్దు. ఈ ఒక్క నొప్పిని లాగితే వారాల తరబడి కూర్చోవాల్సి వస్తుంది. అడుగుల లెక్క కూడా చూడండి. మీ వాచ్‌లో నిమిషానికి 160 అడుగులు చూపిస్తుంటే అదే పేస్‌లో (వేగంలో) 168 దాకా తెండి. అడుగు కాస్త చిన్నదవుతుంది, పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. అందరూ 180కి రావాలన్న మాట పట్టుకోవద్దు, మీ లెక్కకు ఐదు శాతం చేరిస్తే ప్రస్తుతానికి చాలు. పరిగెత్తే చోటు కూడా ముఖ్యమే. మన రోడ్లు అంచు వైపు వాలుగా ఉంటాయి, రోజూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. గచ్చిబౌలి స్టేడియం ట్రాక్ మీదైతే దిశ మార్చుకుంటూ ఉండండి. జూబ్లీహిల్స్ దిగుడు రోడ్లు ఈ రెండు నెలలు మర్చిపోండి.

వ్యాయామాలు వారానికి మూడు రోజులు, ఒక్కోసారి అరగంట చాలు. తుంటి పక్క కండరాలకు: పక్కకు పడుకుని పై కాలు నిటారుగా, కాస్త వెనక్కి ఉంచి ఎత్తడం, సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి మోచేతి మీద ఒళ్ళు నిటారుగా నిలపడం), మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో మడమ నేలకు తాకేంత వరకు నెమ్మదిగా దిగడం. అద్దం ముందు చేయండి, మోకాలు లోపలికి పడిపోతుంటే మెట్టు ఎత్తు తగ్గించండి. ఎడమ షిన్‌కి, కుడి పిక్కకి రెండింటికీ మందు ఒకటే: మడమలు ఎత్తడం. మోకాలు చాపి ఒక విడత, వంచి ఒక విడత. వంచి చేసేది సోలియస్ అనే లోపలి పిక్క కండరానికి. పరుగులో ఆ కండరం మీద పడే బలం శరీర బరువుకు ఆరు రెట్లు దాటుతుంది, అయినా జిమ్‌లో దానికోసం ఏదైనా చేసేవాళ్ళు అరుదు. మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో, మూడు విడతలు, ఒక్కో విడతకు పదిహేను దాకా. అది తేలికయ్యాక బ్యాక్‌ప్యాక్‌లో ఐదు కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టుకోండి. ఒంటికాలి మీద ఆగకుండా ఎన్ని చేయగలరో రెండు కాళ్ళకూ లెక్కపెట్టి నాకు రాయండి. మీ వయసులో పాతిక దగ్గరకు రావాలి. పిక్క పట్టేస్తున్న కుడి కాలు పన్నెండు, పదమూడు దగ్గర ఆగిపోతే నేను ఆశ్చర్యపోను.

పిక్క గురించి ఇంతకంటే అక్కర్లేదు, రెండు జాగ్రత్తలు తప్ప. పరుగు మధ్యలో వెనక నుంచి ఎవరో కొట్టినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తే అది చీలిక, ఆ రోజు అక్కడితో ఆపాలి. పరుగుతో సంబంధం లేకుండా ఒక పిక్క వాచి, వేడిగా, బరువుగా ఉంటే, ముఖ్యంగా అమెరికా నుంచి పొడవాటి విమాన ప్రయాణం చేసి వచ్చాక, రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. అలాంటప్పుడు మర్దన చేయించుకోవద్దు, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు లెక్క. ఆగస్టు ఎందుకు వద్దన్నానో ఇది చూస్తే మీకే అర్థమవుతుంది. వారం మొత్తం దూరాన్ని పది శాతం కంటే పెంచకూడదని అందరూ చెప్పుకునే సూత్రానికి ఆధారం బలహీనమే. నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద చేసిన ప్రయోగంలో ఆ పద్ధతి పాటించినవాళ్ళకూ, పాటించనివాళ్ళకూ గాయాలు దాదాపు ఒకేలా వచ్చాయి. 2025లో ఐదు వేల మందికి పైగా రన్నర్ల డేటా చూసిన ఒక అధ్యయనంలో తేలింది వేరు. గత 30 రోజుల్లో చేసిన అతి పెద్ద పరుగు కంటే ఒకే రోజు పది శాతానికి మించి దూరం వెళ్ళినప్పుడు గాయాలు పెరిగాయి. అంటే జాగ్రత్త పడాల్సింది లాంగ్ రన్ దగ్గర. నా దగ్గరకు వచ్చేవాళ్ళ కథలు కూడా ఇలాగే ఉంటాయి: వారమంతా మీటింగులతో పరుగు కుదరదు, ఆదివారం గ్రూప్‌తో కలిసి పద్నాలుగు నుంచి ఒక్కసారిగా ఇరవై రెండుకు వెళ్ళిపోతారు.

మీ అతి పెద్ద పరుగు ఇప్పుడు 12. పది శాతం చొప్పున పెంచితే 13, 14.5, 16, 17.5, 19, 21, 23, 25.5, 28, 30. పది మెట్లు. ప్రతి నాలుగో వారం తగ్గించి పరిగెత్తాలి, అవి మూడు వారాలు. రేసుకు ముందు మూడు వారాలు దూరం తగ్గించుకోవాలి. మొదట్లో మోకాలిని, షిన్‌ని దారికి తెచ్చుకోవడానికి కనీసం రెండు వారాలు. మొత్తం పద్దెనిమిది. మీకున్నవి పదిహేను. అదీ ఒక్క వారం కూడా జ్వరం, ఆఫీసులో రిలీజు టెన్షన్, బంధువుల పెళ్ళి లేకుండా. పైగా హైదరాబాద్ కోర్సు సులువైనది కాదు. నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు ఎక్కి దిగడమే, ఆగస్టు ఉక్కపోత దానికి తోడు. ఐటీ బ్యాండ్ ఉన్నవాళ్ళు మొదటి ఫుల్‌కి ఎంచుకోవాల్సిన దారి కాదు అది.

ముంబై జనవరి మూడో ఆదివారం ఉంటుంది. పెద్దర్ రోడ్ ఎక్కుడు తప్ప దారి చాలావరకు చదునే. మీ చేతిలో ముప్ఫై వారాలకు పైగా ఉంటాయి, మధ్యలో రెండు మూడు వారాలు పోయినా కంగారుపడక్కర్లేదు. వారంలో నాలుగు రోజులు పరుగు: మూడు చిన్నవి, ఒకటి పెద్దది. అన్నీ పక్కవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా), టెంపో రన్లు (ఆగకుండా వేగంగా పరిగెత్తడం) ఆగస్టు దాకా వద్దు. దూరమూ వేగమూ ఒకే నెలలో పెంచకండి. లాంగ్ రన్‌ని మొదటి కిలోమీటరు నుంచే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడకగా చేయండి. నడవడం నామోషీ అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరిగెత్తినవాడు. అతి పెద్ద పరుగు ముప్ఫై కిలోమీటర్లో, మూడుంపావు గంటలో, ఏది ముందు వస్తే అక్కడ ఆపండి. నలభై రెండు కిలోమీటర్లు ప్రాక్టీసులోనే చేసి చూసుకోవాల్సిన పనిలేదు.

పరుగు తగ్గించిన రోజుల్లో దమ్ము నిలుపుకోవడానికి ఈత కొలనులో ఫ్లోట్ బెల్టు కట్టుకుని నీళ్ళలో పరిగెత్తడం అన్నిటికంటే మేలు. మీకు దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది, 23 కిలోమీటర్లు, 2023లో తెరిచారు. ఎండలో కూడా తొక్కొచ్చు. సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే అదే ఐటీ బ్యాండ్ మళ్ళీ లేస్తుంది. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా చూసుకోండి.

షూ, ఇన్‌సోల్స్ (షూ లోపల పెట్టుకునే అట్టలు) గురించి అడిగారు, వాటితో ఈ మూడు నొప్పులూ పోతాయని ఆశపెట్టుకోవద్దు. వేసుకుని పరిగెత్తితే హాయిగా ఉన్న జత తీసుకోండి. వీలైతే రెండు వేర్వేరు రకాలు మార్చి మార్చి వాడండి, ఒకే రకం భారం రోజూ ఒకే చోట పడదు. పిక్క ఇలా ఉన్నప్పుడు మడమ ఎత్తు బాగా తక్కువున్న షూకి మారకండి. కార్బన్ ప్లేట్ షూ (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేసు షూ) ఇప్పుడు మీకు అనవసరం. రెడీమేడ్ ఇన్‌సోల్ కొన్ని వారాలు వాడి, పొద్దున మార్కులు తగ్గితే ఉంచుకోండి, లేకపోతే తీసేయండి. వేలు పోసి కస్టమ్ చేయించడం మాత్రం మీ విషయంలో దండగ.

తిండి సంగతి మీరు అడగలేదు, కానీ బరువు తగ్గడానికి రాత్రి అన్నం మానేశానని ఒక వాక్యం రాశారు. నాకు షిన్ కంటే ఆ వాక్యమే ఎక్కువ కలవరం కలిగించింది. కిలోమీటర్లు పెంచుతూ తిండి తగ్గిస్తే శరీరం ముందు ఎముకల మరమ్మతు ఖర్చు కోసేస్తుంది. స్ట్రెస్ ఫ్రాక్చర్లు వచ్చే దారుల్లో ఇది ముఖ్యమైనది, ఆడవాళ్ళలో నెలసరి తప్పడం దానికి ముందస్తు హెచ్చరిక. రాత్రి అన్నం మళ్ళీ మొదలుపెట్టండి, పప్పు, పెరుగు, గుడ్లు ధారాళంగా ఉండాలి. రాగుల్లో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పొద్దున పరుగయ్యాక రాగి జావ తాగండి. డాక్టర్ దగ్గరకు వెళ్తున్నారు కదా, విటమిన్ డి కూడా పరీక్ష చేయించండి. రోజంతా ఏసీ గదిలో ఉండేవాళ్ళలో అది తక్కువగా ఉండడం నేను తరచుగా చూస్తాను. మాత్రలు రిపోర్టు చూశాకే.

ఆగస్టు హాఫ్‌కి ఒక షరతు. జూలై చివరికి 17 కిలోమీటర్లు పరిగెత్తి, మర్నాడు మెట్లు మామూలుగా దిగగలగాలి. లేకపోతే టెన్ కె. ఫుల్ నుంచి కింది కేటగిరీకి మార్చుకునే వీలుందేమో నిర్వాహకులకు ఇప్పుడే మెయిల్ పెట్టి అడగండి, గడువు దాటితే ఒప్పుకోకపోవచ్చు. మార్చకపోతే ఆ డబ్బు పోయిందనుకోండి. బిబ్ (మీ రేసు నంబరు చీటీ) మాత్రం స్నేహితుడికి ఇచ్చి పరిగెత్తించకండి. దారిలో అతను పడిపోతే మెడికల్ టీం ఫోన్ చేసేది మీ ఇంటికి, చూసేది మీ వయసు, మీ బ్లడ్ గ్రూపు.